గాలి లెక్క తప్పితే పిస్టన్ కరుగుతుంది

మా క్యాంపు గదిలో ఆరుగురం ఉంటాం. నలుగురిది కన్‌స్ట్రక్షన్ పని. నాదీ, కింది బెడ్ తమ్ముడిదీ గ్యారేజీ పని. తమ్ముడిది జగిత్యాల దగ్గర పల్లెటూరు. షార్జా సనయ్యలో, అదే ఇండస్ట్రియల్ ఏరియాలో, హెల్పర్‌గా చేరి ఇంకా ఏడాది నిండలేదు. మొన్నొక రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, చేతులకు అంటిన గ్రీజు కూడా కడుక్కోకుండా నా మంచం పక్కన కూర్చున్నాడు.

“అన్నా, గా లాప్‌టాప్‌ల ఏముంటదే? ఉస్తాద్ వచ్చి గంట సేపు టకటక కొడ్తడు, బండి ఉరుకుతది. గంట పనికి నా నెల జీతం పట్టుకపోతడు. నేను పొద్దందాక బండి కింద పండుకొని నట్లు ఇప్పుతున్న, నన్ను అడిగెటోడు లేడు” అన్నాడు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ గ్యారేజీకి ఒక ల్యాండ్ క్రూయిజర్ వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ వణుకుతోంది. ‘మిక్చర్ పలచనయింది, రేపు ఉస్తాద్ వచ్చి టేబుల్లో పెట్రోలు పెంచుతాడు’ అని ఫోర్‌మన్ తేల్చేశాడు. కానీ మన తమ్ముడు స్కానర్ పట్టుకున్నప్పుడు ఒకటి గమనించాడు. బండి ఐడిల్‌లో ఉంటే ఒక అంకె +18 చూపిస్తోంది. రేసు ఇచ్చి 2500 ఆర్.పి.ఎం. దగ్గర పట్టుకుంటే అదే అంకె +3కు దిగుతోంది.

“గదేందో నాకు తెల్వది గని, రెండు చోట్ల రెండు తీర్లు ఎందుకుంటదన్నా? చెప్తే నువ్వెవడ్రా అంటరేమో” అన్నాడు.

తమ్ముడు అడిగింది చిన్న ప్రశ్న కాదు. పదిహేనేళ్ళ కింద అదే మాట నేను అడగలేకపోయినందుకు ఒక ఇంజన్ పోయింది. ఆ కథ తర్వాత చెబుతాను. గ్యారేజీల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసే మన తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, ఆ రాత్రి మా గదిలో చెప్పిన పాఠం మొదట మీకూ చెబుతాను. డ్రైవర్ సోదరులకు కూడా ఇది పనికొస్తుంది.

టైమ్ షీట్ లాంటిదే ఆ టేబుల్

మన క్యాంపులో టైమ్ షీట్ సంగతి అందరికీ తెలుసు. ఎవరు ఎన్ని గంటలు పని చేశారో టైమ్‌కీపర్ రాస్తాడు. దాన్ని చూసే ఆఫీసులో జీతం కడతారు, ఓవర్‌టైమ్ కడతారు, మెస్సులో అన్నం ఎంత వండాలో లెక్క వేస్తారు. టైమ్‌కీపర్ ఒక్క అంకె తప్పు రాస్తే దాని మీద ఆధారపడిన లెక్కలన్నీ తప్పుతాయి. ఆఫీసు వాడికి సైటు కనబడదు. వాడికి తెలిసింది కాగితం ఒక్కటే.

ఇంజన్‌లో ఉండే కంప్యూటర్ కూడా ఆ ఆఫీసు వాడి లాంటిదే. దానికి కళ్ళు లేవు. సెన్సర్లు పంపే వోల్టేజి, లోపల రాసి పెట్టిన టేబుళ్ళు, ఈ రెండే దానికి ఆధారం. అది చేసే మొదటి లెక్క ఒకటే. ఇప్పుడు ఇంజన్‌లోకి ఎన్ని గ్రాముల గాలి పోయింది? దాన్ని బట్టి ఎంత పెట్రోలు కొట్టాలో తేల్చి, ఇంజెక్టర్‌ను అన్ని మిల్లీ సెకండ్ల పాటు తెరుస్తుంది.

పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి. మామూలుగా రోడ్డు మీద నిదానంగా పోయేటప్పుడు కంప్యూటర్ ఈ 14.7 దగ్గరే ఉంచాలని చూస్తుంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం ఎక్కువ పెట్రోలు కావాలి. టర్బో లేని ఇంజన్‌కు సుమారు 12.5, టర్బో ఉన్న దానికి ఇంకా చిక్కగా 11.5 దరిదాపుల్లో పెట్టడం పద్ధతి. అంకె తగ్గే కొద్దీ మిక్చర్ చిక్కన, పెరిగే కొద్దీ పలచన. చిక్కనిది రిచ్, పలచనిది లీన్. ఎక్కువైన పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని కొంత లాగేస్తుంది. పిస్టన్‌ను కాపాడేది అదే.

పాత కార్బొరేటర్ బండిలో ఈ పని జెట్టు చేసేది. జెట్టు మార్చాలంటే స్క్రూడ్రైవర్ చాలు. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో బాష్ కంపెనీ డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టింది. అది మానిఫోల్డ్‌లోని ప్రెషర్‌ను చూసి గాలిని అంచనా కట్టేది. 1970లలో గాలి తోస్తే కదిలే రెక్కతో కొలిచే పద్ధతి వచ్చింది. ఆ తర్వాత వేడి తీగతో కొలవడం వచ్చింది. పద్ధతి ఏదైనా అడిగే ప్రశ్న ఒక్కటే, గాలి ఎంత?

రెండు రకాల బండ్లు, రెండు రకాల టేబుళ్ళు

మొదటి రకం బండికి ఎయిర్ ఫిల్టర్ తర్వాత పైపులో ఎం.ఏ.ఎఫ్. సెన్సర్ ఉంటుంది. లోపల సన్నని తీగను కరెంటుతో వేడి చేసి ఉంచుతారు. గాలి ఎంత పోతే తీగ అంత చల్లబడుతుంది. మళ్ళీ వేడెక్కించడానికి ఎంత కరెంటు కావాలో దాన్ని బట్టి వోల్టేజి వస్తుంది. టేబుల్లో ఒక పక్క వోల్టులు, రెండో పక్క సెకనుకు ఎన్ని గ్రాముల గాలి అనేది రాసి ఉంటుంది. 

రెండో రకం బండికి ఆ తీగ ఉండదు. మానిఫోల్డ్‌లో ప్రెషర్ ఎంత, గాలి వేడి ఎంత, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఈ మూడూ చూసి గాలిని లెక్క కడుతుంది. దీనికి వి.ఇ. టేబుల్ కావాలి. సిలిండర్ తన సైజుకు తగ్గ గాలిని పూర్తిగా పీల్చగలిగితే 100. పైపుల వంకరలు, వాల్వుల అడ్డం వల్ల మామూలు ఇంజన్ అంత పీల్చలేదు. ఒక చోట 60, ఇంకో చోట 80, మంచి ఊపు మీద 90 ఉండొచ్చు. అడ్డంగా ఆర్.పి.ఎం., నిలువుగా ప్రెషర్. 16 అడ్డం, 16 నిలువు ఉన్న టేబుల్ అయితే 256 గడులు. ఇంజన్ రెండు గడుల మధ్యలో నడుస్తుంటే, చుట్టూ ఉన్న నాలుగు గడులను కలిపి కంప్యూటర్ మధ్య అంకె తీసుకుంటుంది.

లెక్క చేసి చూద్దాం. 4.5 లీటర్ల ఇంజన్, 3000 ఆర్.పి.ఎం., పెడల్ పూర్తిగా తొక్కి ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి నిండుతుంది కాబట్టి నిమిషానికి 1500 సార్లు. 4.5ను 1500తో గుణిస్తే 6750 లీటర్లు. గడిలో 80 ఉంటే అసలు పోయేది 5400 లీటర్లు. ఇరవై డిగ్రీల చల్లని గాలి లీటరుకు 1.2 గ్రాములు తూగుతుంది. అంటే నిమిషానికి 6480 గ్రాముల గాలి. 12.5తో భాగిస్తే 518 గ్రాముల పెట్రోలు.

ఇప్పుడు మన జూలై మధ్యాహ్నం తీసుకోండి. గాలి 45 డిగ్రీలు. వేడి గాలి పలచబడుతుంది, లీటరుకు 1.11 గ్రాములే తూగుతుంది. అదే ఇంజన్, అదే ఆర్.పి.ఎం., అదే పెడల్. గాలి 6000 గ్రాములకు దిగుతుంది, పెట్రోలు 480 గ్రాములు చాలు. వేసవిలో బండి నీరసంగా ఉందని ఓనర్లు గొణగడం మీరు వినే ఉంటారు. గాలే తక్కువ దొరుకుతుంటే బండి మాత్రం ఏం చేస్తుంది?

+18 అంటే ఏమిటి?

సైలెన్సర్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్ ఆఫీసుకు ఫిర్యాదు పెట్టె లాంటిది. మామూలు సెన్సర్‌కు ‘పెట్రోలు ఎక్కువైంది’, ‘తక్కువైంది’ అనే రెండు మాటలే వచ్చు. ఎంత ఎక్కువో, ఎంత తక్కువో చెప్పలేదు. దాని మాట విని కంప్యూటర్ అప్పటికప్పుడు చేసే సవరణను షార్ట్ టర్మ్ ట్రిమ్ అంటారు. అది అలాగే కొనసాగితే గుర్తు పెట్టుకునే సవరణ లాంగ్ టర్మ్ ట్రిమ్. +18 అంటే, ‘టేబుల్ చెప్పినంత కొడితే చాలడం లేదు, నూటికి పద్దెనిమిది వంతులు ఎక్కువ కొడుతున్నాను’ అని అర్థం. మైనస్ అయితే తగ్గిస్తోందని అర్థం. అయిదారు లోపల ఉంటే భయం లేదు. పది దాటితే కారణం వెతకాలి.

ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నదే రోగం గుర్తు. ఇది గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన మాట.

ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, రేసు ఇస్తే తగ్గితే, ఎక్కడో పైపు పగిలి కొలవని గాలి లోపలికి దూరుతోంది. ఐడిల్‌లో ఇంజన్ పీల్చేది తక్కువ గాలి కాబట్టి దొంగ గాలి వాటా పెద్దది. రేసులో అసలు గాలి ఎక్కువైపోతుంది కాబట్టి అదే దొంగ గాలి లెక్కకు రాదు.

ఐడిల్‌లో బాగుండి, లోడ్ పెరిగే కొద్దీ ప్లస్ పెరిగితే, పెట్రోలు పంపు నీరసించిందో, ఫిల్టర్ మూసుకుపోయిందో, ఎం.ఏ.ఎఫ్. తీగకు దుమ్ము పట్టిందో చూడాలి. మన ఎడారి దుమ్ముకు, నూనె పూసే రకం ఫిల్టర్‌కు నూనె ఎక్కువ పెట్టడానికి ఆ తీగ త్వరగా మైల పడుతుంది. మైల పడితే గాలిని తక్కువ చేసి చెబుతుంది. దానికోసమే అమ్మే స్ప్రేతోనే కడగాలి. గుడ్డ పెట్టి తుడిస్తే తీగ తెగుతుంది.

ఒక జాగ్రత్త. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా బండ్లలో కంప్యూటర్ ఆ రెండు మాటల సెన్సర్‌ను అడగదు. నేరుగా టేబుల్ చూసి కొట్టేస్తుంది. అక్కడ తప్పుంటే సరిదిద్దే నాథుడు లేడు. అందుకే ట్యూనింగ్ చేసేవారు వైడ్‌బ్యాండ్ అనే వేరే సెన్సర్ బిగిస్తారు. అది 12.5, 13.2 అని సరిగ్గా అంకె చెబుతుంది. వైడ్‌బ్యాండ్ లేకుండా ఫుల్ థ్రాటిల్ గడులు మార్చేవాడిని ఉస్తాద్ అనకండి.

నేను చూశాను, చెప్పలేదు

ఇక నా కథ. అప్పుడు నేనొక గ్యారేజీలో హెల్పర్‌ని. ఎండాకాలం మొదలవుతోంది. ఒక పెద్ద ఇసుక బండికి టర్బో బిగించాం. 8 పి.ఎస్.ఐ. బూస్ట్. లాప్‌టాప్ మనిషి రాత్రి పది గంటలకు వచ్చాడు. నా పని టార్చి పట్టుకోవడం, పెట్రోలు ప్రెషర్ గేజి చూడటం.

ఆ బండిలో ఐడిల్‌లో వాక్యూమ్ పైపు తీసి చూస్తే ప్రెషర్ 43. బూస్ట్ ఎంత వస్తే రెగ్యులేటర్ అంత ప్రెషర్ పెంచాలి. అంటే ఫుల్ బూస్ట్‌లో 43కు 8 కలిపి 51 కనబడాలి. నాకు కనబడింది 38. పెరగాల్సింది పోయి తగ్గింది. గేజి మీద నా కళ్ళున్నాయి. కానీ నోరు రాలేదు. అది పంపు అలసిపోయిన గుర్తు అని నాకు అప్పుడు పూర్తిగా తెలియదు. ‘ఏదో తేడాగా ఉంది’ అని మాత్రం తెలుసు. వీసా మీద హెల్పర్ అని ఉంది, పెద్దల మధ్య మనకెందుకు అనుకున్నాను.

తర్వాత తెలిసిన లెక్క ఇది. ఇంజెక్టర్ ముందు 38, వెనుక మానిఫోల్డ్‌లో 8. తోసే ప్రెషర్ 30 మాత్రమే. ఉండాల్సింది 43. ప్రెషర్ తగ్గితే పారే పెట్రోలు దాని వర్గమూలం లెక్కన తగ్గుతుంది. 43 నుంచి 30కి దిగితే నూటికి 16 వంతుల పెట్రోలు తక్కువ పడుతుంది. 11.8 ఉండాల్సిన మిక్చర్ 14 దాటిపోతుంది. బూస్ట్ మీద అది ప్రాణాంతకం.

లాప్‌టాప్ మనిషికి వైడ్‌బ్యాండ్‌లో పలచన కనబడింది. పై గడుల్లో అంకెలు పెంచాడు. ఇంజెక్టర్ ఇంకాసేపు తెరుచుకుంది. మిక్చర్ 11.8కి వచ్చింది. అందరూ సంతోషించారు. రాత్రి చల్లదనం, చిన్న పరుగు, ట్యాంకు నిండా పెట్రోలు. అంకె అందంగా ఉంది, కానీ లోపల రోగం అలాగే ఉంది.

మూడు వారాల తర్వాత మిట్ట మధ్యాహ్నం ఓనర్ బండిని ఇసుక దిబ్బ ఎక్కించాడు. లివా ఎడారిలో తల్ మొరీబ్ అనే దిబ్బ సుమారు 300 మీటర్ల ఎత్తు ఉంటుంది. అలాంటి దిబ్బల మీద పందేలు పెట్టుకునే సరదా ఇక్కడి వాళ్ళకు ఎక్కువ. అంత పెద్దది కాకపోయినా, ఇసుకలో దిబ్బ ఎక్కడమంటే పెడల్ నేలకు తొక్కి పట్టడమే. వేడెక్కిన పంపు ఇంకా నీరసించింది. ఇంజెక్టర్లు అప్పటికే చివరి దాకా తెరుచుకుని ఉన్నాయి. ఇంకా ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. మిక్చర్ పలచబడి నాకింగ్ మొదలైంది. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. సిలిండర్ లోపల మంట 2000 డిగ్రీల పైమాటే. మొద్దు మంట వల్ల పిస్టన్ పైన చుట్టుకుని కాపాడే గాలి పొర చెదిరిపోతే లోహం నిలవదు.

బండి రికవరీ మీద వచ్చింది. హెడ్ విప్పితే మూడో పిస్టన్‌కు చిటికెన వేలు పట్టేంత కన్నం. ఓనర్ గ్యారేజీ మీద పడ్డాడు, గ్యారేజీ మా మీద పడింది. ‘గేజి చూసింది ఎవడు?’ అన్నారు. నేనే. ఆ నెల నా ఓవర్‌టైమ్ మొత్తం పోయింది. ఇంటికి డబ్బు పంపలేదు. మా ఆవిడకు ఫోన్‌లో ‘కంపెనీలో జీతం లేటు’ అని అబద్ధం చెప్పాను. డబ్బు పోయినందుకు కంటే, చూసి కూడా చెప్పనందుకు ఎక్కువ బాధపడ్డాను.

టేబుల్లో అబద్ధం రాయొద్దు

ఆ దెబ్బ తర్వాత నేర్చుకున్న మొదటి పాఠం ఇది. గాలి టేబుల్లో గాలి లెక్కే రాయాలి. పంపు నీరసాన్ని, పైపు పగులును, మైల పట్టిన సెన్సర్‌ను కప్పిపుచ్చడానికి దాన్ని వాడకూడదు. ఎందుకంటే ఆ గాలి అంకెను చూసేది పెట్రోలు లెక్క ఒక్కటే కాదు. స్పార్క్ ఎప్పుడు కొట్టాలనే టేబుల్ కూడా దాన్నే చూస్తుంది. పెట్రోలు తగ్గించాలని ఎవరైనా ఎం.ఏ.ఎఫ్. టేబుల్లో గాలిని తగ్గించి రాస్తే, ‘లోడ్ తక్కువగా ఉంది’ అనుకుని కంప్యూటర్ స్పార్క్‌ను ముందుకు జరుపుతుంది. మిక్చరూ పలచన, స్పార్కూ ముందు. నాకింగ్‌కు పిలిచి పీట వేసినట్టే.

ఇంజెక్టర్లు పెద్దవి వేస్తే వి.ఇ. టేబుల్ అంతా తగ్గించేవారిని చూశాను. అది తప్పు. ఇంజన్ పీల్చే గాలి మారలేదు కదా! ఇంజెక్టర్ సైజు రాసే చోట కొత్త సైజు రాయాలి. అది తెరుచుకోవడానికి పట్టే ఆలస్యాన్ని కూడా రాయాలి. బ్యాటరీ వోల్టేజి తగ్గితే ఆ ఆలస్యం పెరుగుతుంది. అదే ఎం.ఏ.ఎఫ్. సెన్సర్‌ను 70 మిల్లీమీటర్ల పైపు నుంచి తీసి 80 మిల్లీమీటర్ల పైపులో పెడితే, అప్పుడు గాలి టేబుల్ మార్చాల్సిందే. 80ని 70తో భాగించి, వచ్చిన దాన్ని దానితోనే గుణిస్తే 1.3. అంటే అదే వోల్టేజికి ఇప్పుడు సుమారు నూటికి 30 వంతుల గాలి ఎక్కువ. ఇది మొదలు పెట్టడానికి పనికొచ్చే అంకె మాత్రమే. తర్వాత కొలిచి సరిచేసుకోవాలి.

ల్యాప్‌టాప్ తెరవక ముందు చూడాల్సినవి

1. ఎయిర్ ఫిల్టర్, దాని తర్వాతి పైపులు, వాక్యూమ్ పైపులు. పొగ పెట్టి చూసే మిషన్ ఉంటే మేలు.

2. ప్లగ్గులు, కాయిల్స్. ఒక సిలిండర్ మిస్ కొడితే మండని గాలి బయటికి పోతుంది. సెన్సర్ దాన్ని పలచన అని తప్పుగా చెబుతుంది.

3. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ లీకు. బయటి గాలి దూరితే అప్పుడూ పలచన అనే అబద్ధమే.

4. పెట్రోలు ప్రెషర్. ఐడిల్‌లో చూసి వదిలేయొద్దు, లోడ్ మీద చూడాలి.

5. ఎం.ఏ.ఎఫ్. తీగ శుభ్రం. ఇంజన్ వేడెక్కాక, ఏ.సి. ఆపి, ఐడిల్‌లో దాదాపు ఇంజన్ ఎన్ని లీటర్లో సెకనుకు అన్ని గ్రాములు చూపిస్తుంది. ఇది మోటు లెక్కే గానీ అనుమానం తీరుతుంది.

6. నీళ్ళ వేడి సెన్సర్. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని అది అబద్ధం చెబితే పెట్రోలు ఎక్కువ పోతుంది.

7. పాత ఫైలును కాపీ చేసి, తేదీ వేసి దాచడం. ఇది చేయకుండా ఒక్క గడి కూడా ముట్టొద్దు.

ఇవన్నీ సరిగా ఉంటేనే టేబుల్ వంతు. దాని లెక్క అయిదో తరగతి పిల్లవాడు చేస్తాడు. కొలిచిన అంకెను కావాల్సిన అంకెతో భాగించి, గడిలోని పాత అంకెతో గుణించాలి. గడిలో 70 ఉంది, కావాల్సింది 12.5, వైడ్‌బ్యాండ్ చూపించింది 13.5. 13.5ను 12.5తో భాగించి 70తో గుణిస్తే 75.6. కొత్త అంకె అదే. ఒక్క గడి పెంచి పక్క గడులను వదిలేస్తే రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ పెట్టినట్టు ఉంటుంది. చుట్టుపక్కల గడులను కూడా వాలుగా సర్దాలి. పెడల్ అప్పుడే తొక్కిన క్షణంలో వచ్చే అంకెలను పట్టించుకోవద్దు. ఆర్.పి.ఎం., ప్రెషర్ నిలకడగా ఉన్నప్పటి అంకెలే తీసుకోవాలి. ఈ పని డైనో మీద చేయాలి గానీ పబ్లిక్ రోడ్డు మీద కాదు.

పెట్రోలు రకం కూడా అడగండి. ఎమిరేట్స్ బంకుల్లో 91, 95, 98 అని మూడు రకాలు దొరుకుతాయి. 98 మీద ట్యూన్ చేసిన బండికి ఓనర్ డబ్బు మిగులుతుందని 91 పోయిస్తే నాకింగ్ రాక మానదు. ఆ మాట బిల్లు మీద రాసి ఇవ్వండి. ఇంకొక మాట, అనుమతి లేకుండా ఇంజన్‌లో మార్పులు చేయడం ఇక్కడ నేరం. జరిమానా పడుతుంది, బండిని పట్టుకుపోతారు. కాగితాలు ఉన్నాయా అని ఫోర్‌మన్‌ను అడిగాకే పానా పట్టుకోండి.

ఊరికి పోయినా ఇదే చదువు

‘ఇవన్నీ షేకుల బండ్లకు, మనకెందుకు’ అనుకోకండి. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఓ.బి.డి.-2 అనే ఒకే రకం ప్లగ్గు తప్పనిసరి చేశారు. తర్వాత మిగతా దేశాల బండ్లకూ అదే వచ్చింది. ఫోనుకు కలిసే చిన్న స్కానర్ ఒకటి కొనుక్కుంటే ట్రిమ్ అంకెలు మీ చేతిలోనే కనబడతాయి. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 నిబంధన వచ్చాక మోటారు సైకిళ్ళలో కూడా ఎక్కువ భాగం కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. రేపు మీరు ఊరికి పోయి కోరుట్లలోనో, భీమవరంలోనో షెడ్డు పెట్టుకుంటే, వచ్చే ప్రతి బండి లోపలా ఇలాంటి టేబులే ఉంటుంది. జెట్టు విప్పి ఊదే రోజులు పోయాయి.

ఒక నోటు పుస్తకం పెట్టండి. ముట్టిన ప్రతి బండిదీ ఐడిల్‌లో గాలి ఎన్ని గ్రాములు, ట్రిమ్ ఎంత, 2500 దగ్గర ఎంత, చివరికి ఏ రోగం బయటపడింది అని రాయండి. వంద బండ్లు రాసేసరికి స్కానర్ చెప్పకముందే మీ చెయ్యి చెబుతుంది. నా పుస్తకాలు నాలుగు నిండాయి. నన్ను హెల్పర్ నుంచి టెక్నీషియన్‌ను చేసింది అవే.

తమ్ముడు ఏం చేశాడు?

ఆ రాత్రి తమ్ముడికి ఒకటే చెప్పాను. “ఉస్తాద్‌కు తప్పు అని చెప్పకు. ఫోర్‌మన్ దగ్గరికి పోయి, సార్, ఐడిల్‌లో పద్దెనిమిది, రేసులో మూడు ఉంది, ఒకసారి వాక్యూమ్ పైపులు చూడమంటారా అని అడుగు. అడిగితే పోయేదేం లేదు. అడగకపోతే ఏం పోతుందో నన్ను చూడు.”

మర్నాడు రాత్రి తమ్ముడు నవ్వుకుంటూ వచ్చాడు. చేతిలో జానెడు రబ్బరు పైపు ముక్క. బ్రేక్ బూస్టర్‌కు పోయే వాక్యూమ్ పైపు, వెనుక వైపు ఎండకు పెళుసెక్కి పగిలింది. పైకి చూస్తే కనబడదు, వంచితే నోరు తెరుస్తోంది. కొత్త పైపు వేశాక ఐడిల్ ట్రిమ్ +4కు దిగింది, వణుకు పోయింది. అది బ్రేకుల పైపు కూడా. టేబుల్లో పెట్రోలు పెంచి బండిని పంపేసి ఉంటే ఎప్పుడో ఒక రోజు పూర్తిగా తెగేది, బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడేది. అప్పుడు పోయేది పిస్టన్ ఒక్కటే కాదు.

“ఉస్తాద్ ఏమన్నాడు?” అని అడిగాను.

“ఏమనలేదన్నా. ల్యాప్‌టాప్ మూసి సంచిల పెట్టుకుండు. పోయేటప్పుడు, గా అంకెలు నీకెట్ల తెలుసు అని అడిగిండు. మా గదిల అన్న చెప్పిండన్న.”

ఫోర్‌మన్ శభాష్ అనలేదట. కానీ ఆ మర్నాటి నుంచి స్కానర్ పట్టుకోవడానికి తమ్ముణ్ణే పిలుస్తున్నాడు. ఆ రబ్బరు ముక్కను మా గది తలుపు వెనుక మేకుకు తగిలించాం. పక్కనే నోటు పుస్తకం. అందులో మొదటి పేజీలో తమ్ముడి చేతిరాతతో ఒక బండి లెక్క ఉంది.